ఒక్క బిట్టే కదా!

“ఒక్క బిట్టే కదా, దానికింత రాద్ధాంతం దేనికి?” కొన్ని వారాలుగా నన్ను వదలకుండా వెంటాడుతున్న ప్రశ్న ఇది. అడిగినవారిలో అమాయకులెవరూ లేరు. అందరూ కెర్నెల్ లోతుపాతులు ఎరిగినవారే, నాకంటే వేగంగా కోడు రాయగలవారే. అటువంటివారి ప్రశ్నను నవ్వి దాటవేయడం మర్యాద కాదు కనుక సమాధానం కాస్త విపులంగానే రాస్తున్నాను. ఈ విద్యతో పరిచయం లేని చదువరులు కూడా కొంచెం ఓపిక పడితే న్యాయం ఎటువైపుందో తామే తేల్చుకోగలరు.

సంగతి ఇది. మేము సొంతంగా నిలుపుకుంటున్న ఒక లినక్స్ కెర్నెల్ కూర్పులోకి ఒక ప్యాచ్ వచ్చింది. మహా అయితే ముప్ఫై పంక్తులు ఉంటుంది. ఎ.ఎం.డి. యంత్రాలలో హెచ్‌పెట్ అనే టైమరు పంపే ఇంటరప్టును ఎన్.ఎం.ఐ.గా, అంటే ఎవరూ ఆపరాని ఇంటరప్టుగా, ప్రాసెసరు దాకా చేర్చడం దాని పని. మధ్యలో ఇంటరప్టులను తనిఖీ చేసే యంత్రాంగం ఒకటుంది. దానికి “ఇతన్ని అడగకుండా పోనియ్యి” అని చెప్పే ఒకే ఒక్క బిట్టును ఆ ప్యాచ్ మారుస్తుంది. సమీక్షించే బాధ్యత నామీద పడింది. నేను ఒప్పుకోలేదు. దాంతో నాకు ‘పనికి అడ్డుపడే మనిషి’ అనే బిరుదు దక్కింది.

ఆ బిరుదుకే ఈ జవాబు. నా వాదం ఒక్క వాక్యంలో చెప్పేస్తాను: ఎవరూ కాదనలేని హక్కును కోరుతున్నవారే ఆ హక్కు తమకెందుకు కావాలో నిరూపించుకోవాలి, నిరూపణభారం వద్దన్నవాడి మీద మోపకూడదు.

ముందుగా ఇంటరప్టు అంటే ఏమిటో చూద్దాం. ప్రాసెసరు తన పనిలో తాను మునిగి ఉండగా డిస్కో, నెట్‌వర్కు కార్డో, టైమరో వచ్చి భుజం తట్టి “ఇటు చూడు” అనడమే ఇంటరప్టు. తెలుగులో అంతరాయమని అనుకోవచ్చు. కీలకమైన పనిలో ఉన్నప్పుడు ప్రాసెసరు ఈ పిలుపులను కాసేపు వాయిదా వేయగలదు. ఒక్క ఆదేశంతో తలుపు మూసుకోగలదు. ఆ మూసిన తలుపును లెక్కచేయకుండా లోపలికి వచ్చేదే ఎన్.ఎం.ఐ. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పి.సి.లోనే ఇది ఉంది. మెమొరీలో పారిటీ దోషం కనబడితే, చేస్తున్నది ఎంత ముఖ్యమైన పనైనా ఆపి వినవలసిందే కాబట్టి ఆ వార్తను ఈ దారిన పంపారు. చిత్రమేమిటంటే, ఆ తరం వారు దీనికి కూడా బయట ఒక గడియ అమర్చుకున్నారు. 1984 నాటి పి.సి. ఏటీలో ఒక పోర్టులోని పై బిట్టును మారిస్తే ఎన్.ఎం.ఐ. ప్రాసెసరు దాకా రాదు. ‘ఎవరూ ఆపరానిది’ అన్న మాటను దాన్ని నిర్మించినవారే పూర్తిగా నమ్మలేదన్నమాట!

ఈనాడు ఎన్.ఎం.ఐ. చేసే పనుల్లో ముఖ్యమైనది కాపలా. ఒక ప్రాసెసరు తలుపులన్నీ మూసుకుని, ఎన్నటికీ దొరకని తాళం కోసం ఎదురుచూస్తూ కొయ్యబారిపోయిందనుకోండి. దాన్ని మామూలు ఇంటరప్టుతో కదిలించలేము. లినక్స్ మామూలుగా ఇచ్చే 10 సెకన్ల గడువు దాటాక ఎన్.ఎం.ఐ. లోపలికి వెళ్ళి, అది ఎక్కడ చిక్కుకుందో బయటపెడుతుంది. అర్ధరాత్రి సర్వరు బిగుసుకుపోతే దాని ముందు కూర్చుని కారణం వెతికినవారెవరూ ఈ కాపలాదారును తక్కువచేసి మాట్లాడరు. నేనూ మాట్లాడను. ఈ కాపలా కోసం ప్రస్తుతం ప్రాసెసరు పనితీరును కొలిచే కౌంటర్లలో ఒకదాన్ని వినియోగిస్తున్నారు. అవి ఉండేదే కొన్ని. అందులో ఒకదాన్ని విడిపించి, కాపలా పనిని హెచ్‌పెట్‌కు అప్పగిద్దామన్నది ప్యాచ్ రాసినవారి కోరిక. కోరికలో దోషం లేదు.

అయితే ఎన్.ఎం.ఐ. ఉచితంగా రాదు. దాని ఖరీదు ఎంతో చరిత్ర చెబుతోంది. ఒక ఎన్.ఎం.ఐ. నడుస్తుండగా ప్రాసెసరు రెండోదాన్ని లోపలికి రానివ్వదు. ‘ఐరెట్’ అనే ఆదేశం నడిచిన తరువాతే మళ్ళీ తలుపు తీస్తుంది. కానీ ఆ ఐరెట్ ఎవరిదో అది విచారించదు. ఎన్.ఎం.ఐ. మధ్యలో ఒక పేజీ ఫాల్టు తగిలి, దాని నుంచి తిరిగివచ్చినా తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు రెండో ఎన్.ఎం.ఐ. వచ్చి మొదటిదాని స్టాకును తుడిచిపెట్టేస్తుంది. 2012లో 3.3 కూర్పులో దీనికొక ఉపాయం చేశారు. స్టాకులో గుర్తులు పెట్టుకుని, చట్రానికి నకళ్ళు తీసుకుని, అసెంబ్లీలో కత్తి అంచు మీద నడిచినట్టు నడిచే ఉపాయమది. అంత జాగ్రత్తగా రాసిన ఆ చోటే 2015లో లోపాలు బయటపడ్డాయి. వాటిలో సి.వి.ఇ. 2015-3290 అనే సంఖ్యతో నమోదైన లోపం, మామూలు వాడుకరి యంత్రాధిపతి అధికారాలను చేజిక్కించుకోవడానికి దారి ఇచ్చేది. ఐరెట్ చిక్కును మూలంలోనే తొలగించే ఫ్రెడ్ అనే కొత్త పద్ధతికి కెర్నెల్‌లో చోటు దొరికేసరికి 2024 వచ్చింది; అది 6.9వ కూర్పు. ఈ విద్యలో ఆరితేరినవారే ఇంత తడబడిన చోట, ‘ఒక్క బిట్టే కదా’ అనే మాట నా చెవికి ఎలా వినబడుతుందో ఊహించండి.

ఇక తనిఖీ యంత్రాంగం సంగతి. ఇప్పటి పరికరాలు ఇంటరప్టు కోసం ప్రత్యేకమైన తీగను లాగి ఊపవు. మెమొరీలో ఇందుకని కేటాయించిన చిరునామాల ప్రాంతానికి ఒక చిన్న సందేశం రాస్తాయి. ఏ ప్రాసెసరుకు, ఏ వెక్టరు, ఏ రకం ఇంటరప్టు అనే వివరాలన్నీ ఆ రాతలోనే ఉంటాయి. దీని పర్యవసానం ఆలోచించండి. మెమొరీకి నేరుగా రాయగల ఏ పరికరమైనా, తనది కాని ఇంటరప్టును తానే సృష్టించగలదు. ఆ పరికరాన్ని ఒక అతిథి యంత్రానికి, అంటే అద్దెకున్న వర్చువల్ మెషీనుకు, అప్పగించామా, అద్దెదారు చేతికి ఇంటి తాళాలగుత్తి ఇచ్చినట్టే. ఇది ఊహాగానం కాదు. 2011లో ఇన్‌విజిబుల్ థింగ్స్ ల్యాబ్‌కు చెందిన రఫాల్ వోయిచుక్, యొఆనా రుత్కోవ్‌స్కా జెన్ హైపర్‌వైజరు మీద దీన్ని చేసి చూపించారు. వారి దాడి నుంచి తప్పించుకునే అసలైన రక్షణ ఇంటరప్టు రీమ్యాపింగు. వచ్చిన ప్రతి ఇంటరప్టునూ ద్వారం దగ్గర నిలిపి, పట్టికలో చూసి, “నువ్వెవరివి? ఎవరిని కలవాలి? నీకా అనుమతి ఉందా?” అని అడగడమే దాని పని.

ఇంటెల్ వారి పద్ధతిలో పరికరం తన సందేశంలో ఒక వరస సంఖ్యను మాత్రమే చెబుతుంది. వెక్టరు, రకం, గమ్యం, ఆ వరసను వాడుకునే హక్కున్న పరికరం, ఇవన్నీ 65,536 వరసల దాకా పెరగగల పట్టికలో కెర్నెల్ రాసి ఉంచుతుంది. ఆ ‘రకం’ గడిలో ఎన్.ఎం.ఐ. అని కూడా రాయవచ్చు. అంటే ఎన్.ఎం.ఐ.కి కూడా చీటీ ఉంటుంది, చిరునామా ఉంటుంది, పంపేవాడి పేరు ఉంటుంది. ఎ.ఎం.డి. వారి పట్టికలో మాత్రం ఎన్.ఎం.ఐ. అనే రకం రాయడానికి గడి లేదు. దానికి బదులు, పరికరాల పట్టికలో ఒక్కొక్క పరికరానికి ఉండే వరసలో ‘ఎన్.ఎం.ఐ. పాస్’ అని ఒక బిట్టు ఉంది. అది ఒకటైతే, ఆ పరికరం పేరిట వచ్చే ఎన్.ఎం.ఐ.లన్నీ ఏ మార్పూ లేకుండా, ఏ ప్రశ్నా లేకుండా లోపలికి వెళ్ళిపోతాయి. సున్నా అయితే ద్వారం దగ్గరే ఆగిపోతాయి.

మా తగవు ఈ బిట్టు గురించే. నా అభ్యంతరాలు మూడు.

మొదటిది. ఈ అనుమతి ఒక ఇంటరప్టుకు ఇచ్చేది కాదు, ఒక పరికరపు గుర్తింపు సంఖ్యకు ఇచ్చేది. హెచ్‌పెట్‌కు ఏ సంఖ్య ఉండాలో ఫర్మ్‌వేర్ చెబుతుంది. అదే సంఖ్య కింద చిప్‌సెట్‌లోని మరో భాగం కూడా ఉండవచ్చు. నలుగురున్న ఇంట్లో ఒకరి కోసం ‘ఈ ఇంటివారెవరొచ్చినా అడగవద్దు’ అని రాసిచ్చినట్టు ఉంటుంది. పైగా ఆ సందేశం మార్పు లేకుండా పోతుంది కనుక, ఏ ప్రాసెసరుకు చేరాలో నిర్ణయించేది కెర్నెల్ కాదు, సందేశం రాసినవాడు. మరి కాపలా పని ముగిశాక ఈ బిట్టును మళ్ళీ సున్నా చేసేదెవరు? ఆ పరికరం చేతులు మారితే ఎవరు గుర్తుంచుకుంటారు? ప్యాచ్‌లో బిట్టు పెట్టే పంక్తి ఉంది, తీసే పంక్తి లేదు. తలుపు తీసినవాడు వేయడం మరిచిపోతే అది తలుపు కాదు, కన్నం.

రెండవది. ఎన్.ఎం.ఐ.లన్నిటికీ ద్వారం ఒక్కటే, 2వ వెక్టరు. వచ్చినది టైమరా, పనితీరు కౌంటరా, హార్డ్‌వేర్ దోషమా అన్నది ప్రాసెసరు చెప్పదు. కెర్నెల్ తన దగ్గర పేరు నమోదు చేసుకున్న ప్రతి హ్యాండ్లరునూ “ఇది నీదా? నీదా?” అని వరసగా అడుగుతూ పోతుంది. హెచ్‌పెట్‌ను నేరుగా అడిగి తెలుసుకుందామంటే దాని రిజిస్టరును చదవడం నత్తనడక. అందుకని ‘ఈ సమయానికి రావలసి ఉంది, దాదాపు అదే సమయానికి వచ్చింది, కాబట్టి నాదే’ అని గడియారం చూసి నిర్ణయించే ఉపాయం పెట్టారు. తెలివైన ఉపాయమే, కాదనను. కానీ అది సాక్ష్యం కాదు, అంచనా. అదే క్షణాన మరొకరి ఎన్.ఎం.ఐ. వస్తే దానినీ తనదేననుకోవచ్చు. ఎవరూ తమది కాదంటేనో, “కారణం తెలియని ఎన్.ఎం.ఐ. వచ్చింది, తికమకగా ఉంది, అయినా కొనసాగడానికి ప్రయత్నిస్తున్నాను” అనే అర్థం వచ్చే సందేశాన్ని కెర్నెల్ ముద్రిస్తుంది. చదివినప్పుడు నవ్వు వస్తుంది. సొంత సర్వరులో కనబడితే రాదు. మామూలు ఇంటరప్టు గతి తప్పితే దానికి మందు ఉంది. లక్ష ఇంటరప్టుల్లో 99,900 కంటే ఎక్కువ ఎవరికీ చెందనివైతే కెర్నెల్ ఆ దారినే మూసేస్తుంది. గతి తప్పిన ఎన్.ఎం.ఐ.కి అటువంటి మందు లేదు. మూయడానికి వీలుంటే అది ఎన్.ఎం.ఐ. ఎందుకవుతుంది?

మూడవది. ఈ టైమరు ఒక ప్రాసెసరుకే ఇంటరప్టు పంపుతుంది. మిగిలిన ప్రాసెసర్ల మీద కూడా కాపలా కాయాలంటే గమ్యాన్ని మారుస్తూ ఉండాలి. ప్యాచ్‌లో ఆ మార్పు ఎన్.ఎం.ఐ. హ్యాండ్లరు లోపలినుంచే జరుగుతోంది. రీమ్యాపింగు ఉన్న యంత్రంలో గమ్యం మార్చడమంటే ఆ దారిలో ఐ.ఓ.ఎం.ఎం.యు. తాళాలు పట్టుకునే కోడు ఉంటుంది. ఎన్.ఎం.ఐ. ఏ రెండు ఆదేశాల మధ్యనైనా దిగవచ్చు. అది దిగిన క్షణానికి అదే ప్రాసెసరు అదే తాళాన్ని పట్టుకుని ఉంటే? హ్యాండ్లరు తాళం కోసం ఆగుతుంది. తాళం పట్టుకున్నవాడు హ్యాండ్లరు ముగిసేదాకా కదలలేడు. కొయ్యబారిన యంత్రాన్ని పట్టుకోవడానికి పెట్టిన కాపలాదారే యంత్రాన్ని కొయ్యబార్చాడన్నమాట. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇప్పుడు అవతలివారి వాదాలు చూద్దాం. వాటిని పలచబరచి చెప్పడం నా ఉద్దేశం కాదు.

“మా యంత్రాల మీద నడిపి చూశాం, బ్రహ్మాండంగా పనిచేస్తోంది” అన్నారు. ఇల్లలకగానే పండగ కాదు. నేను లేవనెత్తిన మూడు చిక్కుల్లో ఒక్కటీ ఖాళీగా ఉన్న యంత్రం మీద కనబడేది కాదు. అవి లక్షల యంత్రాల మీద ఎప్పుడో ఒకసారి, అదీ భారం ఎక్కువైన వేళ కనబడేవి. ఆనాడు ప్యాచ్ రాసినవారు పక్కన ఉండరు.

“ఫర్మ్‌వేర్ చెబితే కెర్నెల్ ఇప్పటికే కొన్ని పరికరాలకు ఈ బిట్టును పెడుతోంది కదా, ఆ దారి ఉన్నదే కదా” అన్నారు. నిజమే, ఉంది. అక్కడ బోర్డు తయారుచేసినవారు తమ నిర్మాణాన్ని చూసుకుని, తమ పట్టికలో ఆ మాట రాసి, దానికి జవాబుదారీ వహిస్తున్నారు. ఇక్కడ ఆ మాట ఎక్కడా లేకపోయినా సాఫ్ట్‌వేరు తన అవసరానికి తానే రాసుకుంటోంది. ఇంటి యజమాని తాళం ఇవ్వడానికీ, నకలు తాళం చేయించుకోవడానికీ ఉన్న తేడా ఇది.

“హెచ్‌పెట్ మీద ఎవరు దాడి చేస్తారండీ?” అన్నారు. దాడి మాట పక్కన పెట్టండి. ఆ యంత్రం మీద పక్కపక్కనే అద్దెకున్న నలుగురైదుగురి లెక్కలు, ఉత్తరాలు, ఫొటోలు ఉంటాయి. ఒకరిది మరొకరికి అందకూడదనే ఒప్పందానికి రీమ్యాపింగు కాపలా. ఆ కాపలాలో మినహాయింపు ఇచ్చేటప్పుడు ‘ఎవరు వస్తారులే’ అన్నది జవాబు కాదు. వారిని మనం అడగలేదు. అడిగితే ఒప్పుకుంటారన్న నమ్మకమూ నాకు లేదు.

“ఇలా ప్రతిదానికీ ప్రశ్నలు వేస్తూ పోతే పని ఎప్పటికి తెములుతుంది?” అన్నారు. అన్నిటికంటే బలమైన వాదం ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను. ఈ కోరిక మాతో మొదలైనది కాదు. హెచ్‌పెట్‌తో కాపలా కాయించే ప్యాచ్‌ల వరస 2018లోనే లినక్స్ కెర్నెల్ సమీక్షకు వచ్చింది. 2023 నాటికి ఏడో కూర్పు దాకా నడిచింది. గమ్యం మార్పు, తాళాలు, ఎ.ఎం.డి. బిట్టు, ‘ఇది ఎవరిది’ అన్న ప్రశ్న, అన్నీ అక్కడ నలిగినవే. ఐదేళ్ళు వృథా అయ్యాయని కొందరి బాధ. నాకు అలా కనబడదు. అదే 2023లో, అదే కోరికను వేరే దారిన తీర్చే పద్ధతి ఒకటి 6.5 కూర్పులో చేరింది. దాని పేరు ‘బడ్డీ’. ప్రతి ప్రాసెసరూ తన పక్క ప్రాసెసరు నాడి చూస్తుంది; గడువులోగా కదలిక లేకపోతే కేక వేస్తుంది. దానికి కౌంటరు అక్కరలేదు, హెచ్‌పెట్ అక్కరలేదు, ద్వారం దగ్గర మినహాయింపు అంతకంటే అక్కరలేదు. దానికీ లోటు ఉంది. ప్రాసెసర్లన్నీ ఒకేసారి బిగుసుకుపోతే కేక వేయడానికి ఎవరూ మిగలరు. ఆ లోటు తెలిసి ఎంచుకోవడం వేరు, మూడు చిక్కులను దాచి ఎంచుకోవడం వేరు. బిగుసుకున్న ప్రాసెసరు ఎక్కడ చిక్కుకుందో తెలుసుకోవడానికి ఎన్.ఎం.ఐ. కావాలంటారా? ఒక ప్రాసెసరు మరొక ప్రాసెసరుకు నేరుగా పంపే ఎన్.ఎం.ఐ. ఎప్పటినుంచో ఉంది. అది ఐ.ఓ.ఎం.ఎం.యు. గుమ్మం తొక్కే పనే లేదు.

అంటే నా ప్యాచ్ మిత్రులకు కావలసింది నిజంగా కాపలానే అయితే, దానికి దారి ఉంది. ఈ బిట్టే కావాలంటే, ఎందుకో చెప్పాలి.

ఇక్కడ సమీక్షకులకు కూడా ఒక మాట అనవలసి ఉంది. వైకుంఠ ద్వారం దగ్గర సనకసనందనాదులను అడ్డగించి జయవిజయులు శాపం పొందారు. ద్వారపాలకులు ఆపడం తప్పని ఆ కథ చెప్పదు. ఎవరిని ఆపుతున్నామో తెలుసుకోకుండా, అధికారం ఉంది కదా అని ఆపడం తప్పని చెబుతుంది. మా వృత్తిలో ఆ జాతి ద్వారపాలకులకు కొదవ లేదు. ‘నాకు నచ్చలేదు’ అని ఒక్క మాట రాసి నెలల తరబడి మౌనం పాటించేవారున్నారు. కొత్తగా వచ్చినవారి ఉత్సాహాన్ని ఎకసెక్కెంతో చంపేసేవారున్నారు. వారిని నేను సమర్థించను. వద్దనేవాడు వద్దనడానికి కారణం రాయాలి, త్వరగా రాయాలి, ఏమి మారిస్తే ఒప్పుకుంటాడో కూడా రాయాలి. ఆ మూడూ లేని తిరస్కారం సమీక్ష కాదు, అహంకారం.

అందుచేత నా షరతులను నేను మొదటి రోజే రాసి ఇచ్చాను. ఆ గుర్తింపు సంఖ్య కింద మరే పరికరమూ లేదని నిర్ధారించుకున్నాకే బిట్టు పెట్టాలి. ఉంటే పని విరమించుకోవాలి. ఇంటరప్టును వదులుకున్నప్పుడు బిట్టును తిరిగి సున్నా చేయాలి, పట్టిక నకలు ఐ.ఓ.ఎం.ఎం.యు. దగ్గర నిలవ ఉండకుండా చూడాలి. గమ్యం మార్చే పనిని ఎన్.ఎం.ఐ. లోపలినుంచి తీసివేయాలి. యంత్రాన్ని అద్దెదారులకు ఇచ్చేచోట ఈ సౌకర్యం మామూలుగా మూసి ఉండాలి. తెరవదలచినవారు తెలిసి తెరవాలి. వీటిలో అసాధ్యమైనది ఒక్కటీ లేదు. నాలుగూ తీరిస్తే ముప్ఫై పంక్తుల ప్యాచ్ రెండు వందల పంక్తులవుతుంది. ఆ నూట డెబ్భై పంక్తులే ‘ఒక్క బిట్టు’ అసలు ఖరీదు. ఆ ఖరీదు ఇప్పుడు మనం చెల్లించకపోతే రద్దయిపోదు. ఎప్పుడో ఒకనాడు, ఎక్కడో ఒకచోట, మనకు ముఖపరిచయం లేనివారు చెల్లిస్తారు.

మామూలు కోడులో పొరపాటు దొర్లితే దాన్ని ఆపడానికి తరువాత పది చోట్లు ఉంటాయి. ఎన్.ఎం.ఐ. బయలుదేరాక ఆపగల చోటు లేదు. అది దాని స్వభావం. ద్వారం దగ్గరి తనిఖీని కూడా మినహాయించాక, దాన్ని ఆపగల చోటు ఒక్కటే మిగులుతుంది. అది సమీక్ష. ఆ చివరి చోటున నిలబడ్డవాణ్ణి ‘ఒక్క బిట్టే కదా’ అని పక్కకు జరగమనడం ఎంతవరకు సబబు?

కాదంటారా? నా మూడు అభ్యంతరాలూ పైన విడివిడిగానే ఉన్నాయి. వాటికి కోడు రూపంలో సమాధానం చూపించండి. చూపించిన రోజున నా సంతకం పెట్టడానికి ఒక్క పూట కూడా ఆలస్యం చేయను.